ఉక్కును తాకకుండా రాగిని కరిగించేదెలా?

రాగిచెంబును చింతపండుతో తోమితే తళతళ మెరుస్తుందని మీ అందరికీ తెలుసు. మరి ఒక ఉక్కు గొట్టం లోపలి గోడలకు పలుచని రాగిపొర అంటుకుందనుకోండి. దాన్ని కూడా చింతపండు పులుసుతోనే వదిలించవచ్చునా? వదిలించలేం. పైగా, రాగి ఉన్నచోటనే ఉండి ఉక్కు పాడవుతుంది. రాగిని శుభ్రపరచే వస్తువు రాగిని ఎందుకు వదిలించలేకపోతుంది? వదిలించాలంటే ఇంకేం కావాలి? ఇది నిజంగానే ఒకప్పుడు ప్రపంచంలోని సైన్యాలన్నింటినీ వేధించిన ప్రశ్న. ఆ ఉక్కు గొట్టం తుపాకి గొట్టం.

మంగళగిరి అనగానే మనకు పానకాల నరసింహస్వామి కొండ, చేమగ్గాల మీద నేసే నూలు చీరలు గుర్తుకు వస్తాయి. అక్కడే ప్రత్యేక పోలీసు ఆరవ పటాలం కూడా ఉంది. పటాలం అంటే తుపాకులు ఉంటాయి. తుపాకులు ఉన్నచోట వాటిని శుభ్రపరచే పని కూడా తప్పదు. కాల్చిన ప్రతి తుపాకినీ లోపల తుడిచి, నూనె రాసి దాచాలి. మీలో ఎన్.సి.సి.లో చేరినవారు ఈ పని చూసే ఉంటారు. ఒక తాడుకు గుడ్డపీలిక కట్టి గొట్టంలోకి వదిలి లాగుతారు. ఆ తాడును 'పుల్ త్రూ' అనీ, గుడ్డపీలికను 'చిందీ' అనీ అంటారు. ఆ పీలిక మీదికి వచ్చే మురికి అంతా ఒకే రకం కాదు. అందులో నాలుగైదు రకాల పదార్థాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు కావాలి.

నీళ్లతో పోయే మురికి

పూర్వం తుపాకులకు మందు మూతివైపు నుంచి పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేవారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాలు ఉంచిన గదికి వెళితే అటువంటి పాత తుపాకులను చూడవచ్చు. వాటిలో వాడిన నల్లమందులో పెట్లుప్పు, బొగ్గు, గంధకం ఉంటాయి. ఈ మందు కాలినప్పుడు అంతా వాయువుగా మారిపోతుందని అనుకుంటాం. కాని 100 గ్రాముల మందు కాలితే సుమారు 55 గ్రాములు ఘనపదార్థంగానే మిగులుతుంది! అందులో కొంత దట్టమైన తెల్లపొగగా బయటికి పోతుంది. మిగిలినది నల్లని మడ్డిగా గొట్టానికి అంటుకుంటుంది.

ఆ మడ్డిలో ఏముంటుంది? ముఖ్యంగా పొటాషియం కార్బొనేటు, పొటాషియం సల్ఫేటు, పొటాషియం సల్ఫైడు ఉంటాయి. ఇవన్నీ నీళ్లలో కరిగే లవణాలు. కాబట్టి మూతినుంచి దట్టించే తుపాకిని కడగడానికి వేడినీళ్లకు మించినది లేదు. వేడినీళ్లు లవణాలను త్వరగా కరిగిస్తాయి. గొట్టాన్ని కూడా వేడెక్కిస్తాయి కాబట్టి అది తనంతట తానే ఆరిపోతుంది. కడిగేటప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది సల్ఫైడు వల్ల పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వాసన. కడగకుండా వదిలేస్తే ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మన కోస్తా వానకాలంలో తెల్లవారేసరికే తుప్పు కనిపిస్తుంది.

ఈ పాత తుపాకులలో రాగి గొడవ లేదు. ఎందుచేతనంటే గుండు సీసంతో చేసినది. చాలాచోట్ల దాన్ని నూనెగుడ్డలో చుట్టి దట్టించేవారు. గొట్టానికి రాసుకునేది గుడ్డే గాని లోహం కాదు.

రాగి ఎలా వచ్చింది?

పొగ లేని మందు వచ్చాక కథ మారింది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నత్రికామ్లంతో మార్చి తయారుచేసే నైట్రోసెల్యులోజు నుంచి పొగలేని మందు చేశాడు. ఇది కాలితే దాదాపు అంతా వాయువే. కాబట్టి బుల్లెట్ వేగం బాగా పెరిగింది. ఆ వేగానికి మెత్తని సీసం తట్టుకోలేకపోయింది.

ఎందుకు తట్టుకోవాలి అంటారా? రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. మరచుట్టులాగా తిరుగుతూ పోయే గాడులు ఉంటాయి. బుల్లెట్ ఆ గాడులను పట్టుకుని గిర్రున తిరుగుతూ వెళుతుంది. తిరుగుతున్న బొంగరం పడిపోకుండా నిలబడినట్లే, తిరుగుతున్న బుల్లెట్ దారి తప్పకుండా వెళుతుంది. వేగం పెరిగినకొద్దీ సీసం గాడులను పట్టుకోలేక చెక్కుకుపోయి, గొట్టానికి పూతలాగా అంటుకునేది. సీసం 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరిగిపోతుంది. పొగలేని మందు మంట 2 వేల డిగ్రీలు దాటుతుంది. ఇక సీసం గతి ఏమిటో మీరే ఆలోచించండి.

దీనికి విరుగుడు స్విట్జర్లాండు దేశీయుడు ఎడ్వార్డ్ రూబిన్ 1880ల తొలినాళ్లలోనే చూపించాడు. సీసం గుండుకు రాగి తొడుగు వేశాడు. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. అది సీసం కంటే గట్టిది, ఉక్కు కంటే మెత్తనిది. కాబట్టి గాడులలో ఇమిడిపోతుంది, వాటిని పాడుచేయదు. తర్వాత కొన్ని సైన్యాలు రాగి, నికెల్ కలిపిన మిశ్రమలోహాన్ని వాడాయి. ఒకప్పటి మన రూపాయి బిళ్లలు కూడా ఈ రెండు లోహాలు కలిపి చేసినవే. మరికొన్ని, రాగిలో నూటికి ఐదు నుంచి పది పాళ్లు జింకు కలిపిన మిశ్రమాన్ని వాడాయి. సీసం బెడద తగ్గింది గాని దాని చోట రాగి బెడద వచ్చింది.

మన దేశంలో పోలీసుల చేతుల్లో ఎన్నో దశాబ్దాలు ఉన్న 'త్రీ నాట్ త్రీ' రైఫిల్ చరిత్ర చూడండి. దాని గొట్టం రంధ్రం 0.303 అంగుళం, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. 1888లో ఆ కొలతతో మొదట వచ్చిన లీ మెట్‌ఫర్డ్ రైఫిల్‌లో నల్లమందే వాడారు. నల్లమందు మడ్డి మూలల్లో పేరుకోకుండా దాని గాడులను లోతు లేకుండా, గుండ్రని అంచులతో చేశారు. కొద్ది ఏళ్లకే కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. దాని వేడికి ఆ లోతులేని గాడులు త్వరగా అరిగిపోసాగాయి. అందువల్ల 1895లో లోతైన, చదరపు అంచుల గాడులకు మారారు. అదే లీ ఎన్‌ఫీల్డ్. గొట్టం లోపలి ఆకారాన్ని నిర్ణయించడంలో మురికికి కూడా పాత్ర ఉందన్నమాట!

ఆ కార్డైట్‌ను 1889లో రూపొందించిన ఏబెల్, డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు అందులో నూటికి ఐదు పాళ్లు వేజలీన్ కలిపారు. గొట్టం లోపల అది కందెనగా పనిచేసి లోహం అంటుకోకుండా చూస్తుందని వారి ఊహ. తరవాత చూస్తే, మందు నిలవ ఉన్నప్పుడు చెడిపోకుండా కాపాడటంలో అది ఎక్కువ ఉపయోగపడింది. కార్డైట్ తయారీ కోసమే మన నీలగిరులలో అరువంకాడు వద్ద 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఒక కర్మాగారం వెలసింది.

పలుచని పొర, పెద్ద తంటా

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. 1910లో వచ్చిన ఏడో రకం త్రీ నాట్ త్రీ బుల్లెట్ బరువు సుమారు 11 గ్రాములు. అది గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవు 10 అంగుళాలు, అంటే 0.254 మీటరు. 744ను 0.254తో భాగించండి. 2,900కు కొంచెం పైగా వస్తుంది. అంటే ఆ బుల్లెట్ సెకనుకు 2,900 చుట్లు తిరిగే వేగంతో బయటికి వస్తుంది! మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాను జోరుగా తిరిగినా సెకనుకు ఐదారు చుట్లే.

దాన్ని వెనుకనుంచి తోసే వాయువుల పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 3 వేల రెట్లు. ఇంత వేడిలో, ఇంత ఒత్తిడిలో రాగి తొడుగు ఉక్కుకు రాసుకుంటుంది. ఉక్కు ఎంత నున్నగా చేసినా సూక్ష్మదర్శినిలో చూస్తే గరుకుగానే ఉంటుంది. ఆ గరుకులో రాగి కొద్దికొద్దిగా చిక్కుకుంటుంది. దానిమీద మందు కాలిన మసి పడుతుంది. ఆ మసిమీద తరువాతి బుల్లెట్ మళ్లీ రాగి పూస్తుంది. గుండు తరువాత గుండు కాలుస్తుంటే ఒక పొర మసి, ఒక పొర రాగి పేరుకుంటూ పోతాయి.

కొద్దిపాటి రాగి వల్ల నష్టం లేదు. ఉక్కులోని చిన్నచిన్న గుంటలను అది పూడుస్తుంది కూడా. కాని మితిమీరితే రెండు ముప్పులు ఉన్నాయి. మొదటిది, గొట్టం లోపల అక్కడక్కడా ఇరుకై, బుల్లెట్ ఆకారం చెడి, గురి తప్పుతుంది. రెండోది కనిపించనిది, ఎక్కువ ప్రమాదకరమైనది. రాగి, ఇనుము ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నచోట తేమ చేరిందనుకోండి. అక్కడ ఒక చిన్న విద్యుద్ఘటం తయారవుతుంది. మీ పాఠంలోని ప్రమాణ ఎలక్ట్రోడు పొటెన్షియళ్లు చూడండి. రాగికి +0.34 వోల్టు, ఇనుముకు -0.44 వోల్టు. తేడా 0.78 వోల్టు. ఈ జంటలో తినబడేది ఎప్పుడూ ఇనుమే. రాగిపొర చాటున ఉక్కు మెల్లగా గుంటలు పడుతుంది. తుప్పు తిన్న ఉక్కు తిరిగి రాదు. అప్పుడు ఆ గొట్టాన్ని పారవేయడమే.

చింతపండు ఎందుకు పనికిరాదు?

చెంబుమీద నలుపు ఏమిటి? అది రాగి కాదు, రాగి ఆక్సైడు. పచ్చగా పట్టే చిలుము రాగి కార్బొనేటు వంటి లవణం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం వీటిని కరిగిస్తుంది. అడుగున ఉన్న అసలు రాగి బయటపడి మెరుస్తుంది. చింతపండు రాగి జోలికి పోదు కాబట్టే మీ అమ్మమ్మగారి కాలంనాటి చెంబు ఇప్పటికీ ఉంది.

తుపాకి గొట్టంలో ఉన్నది ఆక్సైడు కాదు, లోహరూపంలో ఉన్న రాగి. కాబట్టి చింతపండు దాన్ని కదిలించలేదు. ఇంకా బలమైన ఆమ్లం పోస్తే? చర్యాశీలత శ్రేణిని గుర్తుచేసుకోండి. ఇనుము హైడ్రోజన్‌కు పైన ఉంది, రాగి కింద ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఇనుము కరుగుతుంది, రాగి నిక్షేపంగా ఉంటుంది! మనం కోరినదానికి సరిగ్గా వ్యతిరేకం. నత్రికామ్లం రాగిని కరిగిస్తుంది గాని ఉక్కును కూడా వదిలిపెట్టదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మైలుతుత్తం మన గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు కొత్త కాదు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తెగుళ్లకు పిచికారి చేస్తారు. మైలుతుత్తం కరిగిన నీళ్లలో ఇనుప మేకు వేస్తే కాసేపట్లో దానిమీద ఎర్రని రాగి పూత పడుతుంది. బడిలో ఈ ప్రయోగం మీరు చేసే ఉంటారు. అంటే ఆమ్లద్రావణంలోకి ఎలాగో రాగిని కరిగించినా, పక్కనే ఇనుము ఉంటే రాగి తిరిగి దానిమీదనే పేరుకుంటుంది.

గీకి తీసేద్దామా? ఇసుక, గాజుపొడి వంటివి వాడితే గాడుల అంచులు మొద్దుబారతాయి. వట్టి పుల్ త్రూ తాడు కూడా ప్రమాదమే. గిలక లేని బావి ఒరను చేదతాడు కోసినట్లు, ఎప్పుడూ ఒకే వైపుకు రాసుకునే తాడు గొట్టం మూతి అంచును అరగదీస్తుంది. బుల్లెట్‌ను చివరగా తాకేది ఆ అంచే. అది చెడితే గురి చెడినట్లే.

అమోనియా వచ్చి ఆదుకుంది

రాగికి అమోనియా అంటే మహా ఇష్టం. అమోనియా ద్రావణం, గాలిలోని ఆక్సిజన్ రెండూ కలిసి రాగిని తాకితే, ఆక్సిజన్ రాగి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లను లాగి దాన్ని అయానుగా మారుస్తుంది. వెంటనే నాలుగు అమోనియా అణువులు ఆ రాగి అయాను చుట్టూ చేరి నలుగురు బోయీలు పల్లకిని మోసినట్లు దాన్ని ద్రావణంలోకి మోసుకుపోతాయి. ఇలా ఏర్పడే దానిని సంక్లిష్ట అయాను అంటారు. దాని రంగు ముదురు నీలం. మైలుతుత్తం నీలం దీని ముందు వెలవెలబోతుంది.

మరి ఇనుము? అమోనియా ఇనుముతో నీళ్లలో ఇటువంటి స్థిరమైన సంక్లిష్ట అయానును ఏర్పరచదు. పైగా అమోనియా క్షారం. క్షారద్రావణంలో ఇనుము మీద ఒక పలుచని రక్షకపొర ఏర్పడి చర్యను ఆపుతుంది. ఆమ్లం ఇనుమును తిని రాగిని వదిలింది. అమోనియా రాగిని తిని ఇనుమును వదులుతుంది. సమస్య మొత్తానికి తాళంచెవి ఇదే.

20వ శతాబ్దం మొదట్లో రాగి నికెల్ తొడుగు బుల్లెట్లు గొట్టంలో గడ్డలుగా అంటుకునేవి. అప్పుడు గొట్టానికి ఒకవైపు బిరడా బిగించి, గాఢమైన అమోనియాలో అమోనియం పెర్‌సల్ఫేటు వంటి లవణాలు కలిపి పోసేవారు. గొట్టం లోపల గాలి తక్కువ కాబట్టి ఆక్సిజన్ పనిని పెర్‌సల్ఫేటు చేసేది. అయితే ఆ ద్రావణాన్ని కడగకుండా గొట్టంలో ఆరిపోనిస్తే ఉక్కు ఘోరంగా తుప్పు పట్టేది. మందు మంచిదే గాని, పని కాగానే దాన్ని కడిగి, తుడిచి, నూనె రాసి తీరాలి. నేటి మందుల్లో అమోనియా పాళ్లు తక్కువ. అసలు అమోనియా లేనివి కూడా ఉన్నాయి. వాటిలో రాగి అయానును పట్టుకునే వేరే సేంద్రియ అణువులను వాడతారు.

వరుస కూడా ముఖ్యం. పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలితే మిగిలేది పొటాషియం క్లోరైడు. అది మన ఉప్పుకు అన్నదమ్ముల వరస. తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. దానికి మందు మరిగే నీళ్లు. బ్రిటిష్ సైనికులకు రైఫిల్‌లో వేడినీళ్లు పోసుకోవడానికి ప్రత్యేకంగా ఒక గరాటు ఇచ్చేవారు. మసికి, జిడ్డుకు కిరసనాయిలు వంటి నూనెలు కావాలి. రాగికి అమోనియా కావాలి. పైన మసి ఉండగా అమోనియా పోస్తే అది కింది రాగిని చేరలేదు. పొరలు పొరలుగా ఉన్నదాన్ని పొరలు పొరలుగానే తియ్యాలి.

నీలిమరక అబద్ధం చెబితే?

రాగి ఇంకా ఉందో లేదో తెలిసేదెలా? గుడ్డపీలికను మందులో తడిపి గొట్టంలో నడిపి బయటికి తీస్తారు. నీలిమరక ఉంటే రాగి ఉన్నట్లు, లేకపోతే పోయినట్లు. ఎంత సులువైన పరీక్ష!

ఇక్కడే ఒక మోసం ఉంది. పీలికను తోసే కడ్డీ కొన చాలాసార్లు ఇత్తడితో చేస్తారు. లోపల తోమే బ్రష్షు తీగలు కంచువి. ఇత్తడిలోను, కంచులోను ఉన్నది ఏమిటి? రాగే! గొట్టంలో రాగి పూర్తిగా పోయినా ఆ కొనను అమోనియా కరిగించి పీలికను నీలంగా చేస్తుంది. "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అనుకుంటూ గంటల తరబడి తోమి, గొట్టాన్ని అనవసరంగా అరగదీస్తారు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. మందు తడిపిన పీలికను గొట్టంలో పెట్టకుండా ఆ కొనకు మాత్రమే చుట్టి కాసేపు ఉంచండి. నీలం వస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. అందుకే ఈ పనికి నైలాను బ్రష్షు, రాగి లేని కొన వాడతారు. శాస్త్రంలో దీన్ని నియంత్రిత పరీక్ష అంటారు. కొలిచే సాధనమే కొలతను చెడగొడుతున్నదేమో చూడకుండా ఏ ఫలితాన్నీ నమ్మకూడదు. మీ ప్రయోగశాలలో లిట్మస్ కాగితాన్ని తడి చేత్తో పట్టుకున్నా ఇదే మాట వర్తిస్తుంది.

వానకాలం పగుళ్లు

గొట్టాన్ని కాపాడే అమోనియా తూటాకు మాత్రం శత్రువు. ఈ సంగతి బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ పాలనలో వానకాలం వస్తే సైన్యం కదలికలు తగ్గేవి. తూటాలను గుర్రపుసాలలలో దాచేవారు. వానలు వెలిశాక పెట్టెలు తెరిస్తే ఇత్తడి డొల్లలు చాలావరకు పగిలి ఉండేవి. ముఖ్యంగా బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ దగ్గర పగుళ్లు కనిపించేవి. వానకాలంలో కనిపించేవి కాబట్టి వాటికి 'రుతు పగుళ్లు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

కారణం ఏమిటో 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి అమోనియా పుడుతుంది. ఇత్తడి డొల్లను చల్లగా ఉన్నప్పుడే లాగి, నొక్కి తయారుచేస్తారు కాబట్టి దానిలో ఒత్తిడి దాగి ఉంటుంది. తేమలో కలిసిన అమోనియా ఆ ఒత్తిడి ఉన్నచోటనే రాగిని తినడం మొదలుపెడుతుంది. పగులు అక్కడినుంచి పాకుతుంది. విరుగుడు కూడా తెలిసింది. డొల్లను చేశాక తగుమాత్రం వేడిచేసి చల్లార్చితే లోపలి ఒత్తిడి పోతుంది. గొట్టం శుభ్రపరచే అమోనియా సీసాను తూటాల పక్కన ఎందుకు ఉంచకూడదో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

నూలుతో చుట్టరికం

నీలి ద్రావణానికి మన పత్తినేలతో కూడా చుట్టరికం ఉంది. 1857లో స్విట్జర్లాండులో ష్వైట్జర్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక వింత కనిపెట్టాడు. రాగి హైడ్రాక్సైడును గాఢమైన అమోనియాలో కరిగిస్తే వచ్చే ముదురునీలి ద్రావణంలో దూది పంచదారలాగా కరిగిపోతుంది! నీళ్లు, నూనె, సారాయి కరిగించలేని సెల్యులోజు అందులో కరుగుతుంది. ఆ చిక్కని ద్రవాన్ని సన్నని రంధ్రాలనుంచి వదిలి దారంగా మార్చితే పట్టువంటి కృత్రిమ నూలు వస్తుంది. పత్తిగింజలకు అంటుకుని మిగిలే పొట్టి నూగును ఈ పరిశ్రమలో వాడతారు. పొగలేని మందుకు కావలసిన నైట్రోసెల్యులోజును కూడా ఆ నూగునుంచే చేస్తారు. మరి తుపాకి తుడిచే నూలుపీలిక ఎందుకు కరిగిపోదు? దానిమీదికి వచ్చే రాగి చాలా కొద్ది కాబట్టి.

కరెంటుతోను, తగరంతోను

రసాయనం లేకుండా కరెంటుతో కూడా రాగిని లాగవచ్చు. మీరు చదివిన విద్యుత్ లేపనాన్ని తిరగేసి చూడండి. గొట్టంలో తగిన ద్రావణం నింపి, నడిమధ్య గోడలకు తగలకుండా ఒక లోహపు కడ్డీ నిలుపుతారు. గొట్టాన్ని ధనధ్రువానికి, కడ్డీని రుణధ్రువానికి కలుపుతారు. రాగి గోడను విడిచి కడ్డీమీదికి వచ్చి చేరుతుంది.

అసలు అంటుకోకుండా చూసే ఉపాయం ఫ్రెంచి ఫిరంగి దళాల నుంచి వచ్చింది. ఫిరంగిగుండ్ల నడుముకు కూడా రాగి పట్టీ ఉంటుంది. మందుతోపాటు కొద్దిగా తగరం లేదా సీసం రేకు పెడితే, ఆ లోహం వేడికి రాగితో కలిసి పెళుసైన మిశ్రమం అవుతుంది. తరువాతి గుండు దాన్ని ఊడ్చుకుపోతుంది. తరవాతి కాలంలో ఇందుకు బిస్మత్ కూడా వాడారు.

మీరే చేసి చూడండి

దీనికి తుపాకి అక్కరలేదు. తుపాకి ముట్టడం మీ పని కూడా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే దాన్ని దగ్గర ఉంచుకోరాదు. కావలసినవి నాలుగు పరీక్షనాళికలు, గరుకుకాగితంతో రుద్దిన రెండు రాగితీగ ముక్కలు, జింకు పూత లేని రెండు ఇనుప మేకులు. మొదటి నాళికలో రాగి, రెండోదానిలో మేకు వేసి, రెండింటిలోను సగందాకా సజల అమోనియా పోయండి. మూడోదానిలో రాగి, నాలుగోదానిలో మేకు వేసి చింతపండు పులుసు పోయండి. మర్నాటిదాకా ఉంచండి.

మొదటి నాళికలో కొన్ని గంటలకే లేతనీలం పుట్టి మర్నాటికి ముదురుతుంది. రెండో నాళికలో మేకు చెక్కుచెదరదు. మూడోదానిలో తీగ మెరుస్తూ అలాగే ఉంటుంది. నాలుగోదానిలో మేకు నల్లబడి, పులుసు రంగు మారుతుంది. ఈ నాలుగు నాళికలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వ్యాసం అంతా అందులో ఉంటుంది.

జాగ్రత్తలు మరువకండి. అమోనియా ఆవిరి కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది. ఈ ప్రయోగం గాలి ఆడేచోట, మీ సైన్సు మాస్టారు దగ్గర ఉండగానే చెయ్యాలి. అమోనియాను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నటికీ కలపకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువులు పుడతాయి. ఇంట్లో స్నానాలగది కడిగేటప్పుడు కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. మొదటి నాళిక వంటిదే ఇంకొకటి తీసుకుని, అమోనియాను అంచుదాకా నింపి, గాలి బుడగ కూడా లేకుండా బిరడా బిగిస్తే నీలం త్వరగా వస్తుందా, ఆలస్యంగా వస్తుందా? ఎందుచేత? జవాబు ఈ వ్యాసంలోనే ఉంది. ముందు ఊహించి కాగితంమీద రాసుకోండి, తరువాత చేసి చూడండి.